ఉక్కు వాదర, తడి వెంట్రుక

మనిషి వెంట్రుక కంటే దాన్ని కోసే బ్లేడు ఉక్కు దాదాపు 50 రెట్లు గట్టిది. ఆ లెక్కన ఒక్క బ్లేడు ఏళ్ల తరబడి రావాలి. కానీ కొద్దిసార్లు గడ్డం గీసుకునేసరికే అది వెంట్రుకను కోయడం మాని లాగడం మొదలుపెడుతుంది. మెత్తటి వెంట్రుక దగ్గర గట్టి ఉక్కు ఎందుకు ఓడిపోతోంది? అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జెమ్ తాసాన్ అనే లోహశాస్త్రవేత్త బృందం ఈ ప్రశ్నను పట్టుకుని, 2020లో ‘సైన్స్’ పత్రికలో జవాబు ప్రచురించింది. బృందంలోని జాన్‌లూకా రొషోలి తన గడ్డం తానే గీసుకుని, ఆ బ్లేడును మళ్లీ మళ్లీ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అంచు అంతా సమంగా అరిగి గుండ్రబడుతుందని అనుకుంటాం కదా, అక్కడ కనబడింది వేరు. అక్కడక్కడ చిన్న చిన్న పెచ్చులు ఊడి ఉన్నాయి.

తర్వాత సూక్ష్మదర్శిని లోపలే చిన్న యంత్రం అమర్చి ఒక్కో వెంట్రుకను కోస్తూ గమనించారు. మూడు సంగతులు ఒక్కచోట కలిసినప్పుడు పెచ్చు ఊడుతోందని తేలింది. వెంట్రుక నిటారుగా నిలబడక వంగిపోయి అంచుకు ఏటవాలుగా తగలాలి. ఉక్కు లోపలి అల్లిక అంతటా ఒకేలా లేక, ఒకచోట గట్టిగా, పక్కనే కాస్త మెత్తగా ఉండాలి. వెంట్రుక అంచు సరిగ్గా ఆ బలహీనమైన చోటే ఆనాలి. అప్పుడు వంగిన వెంట్రుక అంచును పక్కకు తోస్తుంది. కత్తికి పక్కనుంచి వచ్చే తోపును తట్టుకునే బలం అతి తక్కువ. సన్నని బీట పుట్టి, మెత్తటి భాగానికీ గట్టి భాగానికీ మధ్య సరిహద్దు వెంట పాకి, ముక్క రాలిపోతుంది.

ఆ పరీక్షలు జరిగింది యంత్రంలో తయారైన స్టెయిన్‌లెస్ బ్లేడ్ల మీద. చేత్తో సాగగొట్టిన కత్తి ఉక్కు వేరు, దాని నడత కొంత వేరు. అయినా వంగే వెంట్రుక, ఎగుడుదిగుడు ఉక్కు, బలహీనమైన అంచు అన్న ఈ మూడింటినీ ఎదుర్కొనే ఉపాయాలు జపాన్ కమ్మరులు, సాన పట్టేవాళ్లు, క్షురకులు ఏ సూక్ష్మదర్శినీ లేని రోజుల్లోనే పట్టుకున్నారు. జపాన్ క్షౌరకత్తిని ఎలా ఎంచుకోవాలి, ఎలా నూరాలి, ఎలా గీసుకోవాలి అన్న ప్రశ్నలన్నీ చివరికి ఆ అంచు దగ్గరికే వస్తాయి. కంటికి కనబడని ఆ సన్నని గీతను కాపాడటమే ఈ విద్య అంతా అని నేను నమ్ముతాను.

దీన్ని అక్కడ కమిసోరి అంటారు. యూరప్ కత్తిలా మడిచి పిడిలోకి దాచే ఏర్పాటు దీనికి లేదు. బ్లేడూ కాడా ఒకే కడ్డీ. సన్నగా పొడుగ్గా ఉండే ఆ ఇనుప కాడకు కొందరు పేము బద్ద చుడతారు, కొందరు దారం చుడతారు, చాలావాటికి ఏ చుట్టూ ఉండదు. తేరిపార చూస్తే రెండు ముఖాలూ ఒకేలా లేవని తెలుస్తుంది. ఒక ముఖం మీద తొలిచిన పల్లం వెడల్పుగా, రెండోదాని మీద ఇరుగ్గా ఉంటుంది. యూరప్ కత్తి రెండు పక్కలా సమానం. జపాన్ కత్తికి ఈ అసమానతే ప్రాణం. దాన్ని ఎవరు పట్టుకునేవారో, ఎవరి తల మీద నడిపేవారో చూస్తే ఎందుకో బోధపడుతుంది.

6వ శతాబ్దంలో బౌద్ధం కొరియా మీదుగా జపాన్ చేరినప్పుడు భిక్షువుల శిరోముండనం కూడా దానితో వచ్చింది, ముండనానికి కత్తీ వచ్చింది. తర్వాతి కాలంలో సమురాయ్‌లు నుదుటి నుంచి నడినెత్తి దాకా నున్నగా గొరిగించుకుని, మిగిలిన జుట్టును ముడిగా మలిచి నెత్తి మీదికి తెచ్చేవారు. ఎడో కాలం నాటికి ఊళ్లలో మామూలు మగవాళ్లదీ అదే అలంకరణ. ఆ నున్నదనం నిలవాలంటే తరచూ క్షురకుడి ముందు కూర్చోవాల్సిందే. అంటే ఈ కత్తి మొదటి నుంచీ ఒకరు నిలబడి ఇంకొకరి తల గొరగడానికి పుట్టిన పనిముట్టు. క్షురకుడు ఎటు కావాలంటే అటు జరగగలడు కనుక ఎప్పుడూ ఒకే ముఖాన్ని చర్మానికి ఆనించి పని చేసేవాడు. రెండు ముఖాలు సమానంగా ఉండాల్సిన అవసరం అతనికి రాలేదు.

1871లో మెయిజీ ప్రభుత్వం జుట్టుముడి తీసేయడానికి అనుమతిస్తూ ఆజ్ఞ ఇచ్చింది. 1873లో చక్రవర్తే జుట్టు కత్తిరించుకున్నాడు. 1876లో ఖడ్గం ధరించడం మీద నిషేధం వచ్చింది. ఇలా అయిదేళ్ల లోపు కత్తులు కొట్టేవాళ్లకూ తలలు గొరిగేవాళ్లకూ లోకం తలకిందులైంది. యూరప్ నుంచి మడత కత్తులు దిగాయి. కమిసోరి పూర్తిగా పోలేదు. మెడ వెనక నూగు జుట్టును గీత గీసినట్టు తీర్చాల్సిన గేషాల అలంకరణలో అది మిగిలింది. జోదో షిన్ అనే బౌద్ధ శాఖలో ఇప్పటికీ గృహస్థులు శరణు పొందే వేళ తల మీద కత్తిని మూడుసార్లు ఊరికే తాకిస్తారు. జుట్టు తెగదు, ముండనానికి గుర్తుగా ఆ స్పర్శ చాలు.

రెండు లోహాల జోడు

కమిసోరి ఒకే లోహంతో చేసింది కాదు. గట్టి ఉక్కు పలకను మెత్తటి ఇనుము మీద పెట్టి, మధ్యలో బొరాక్స్ చల్లి, కొలిమిలో కాల్చి సమ్మెటతో కొట్టి అతుకుతారు. కోసే అంచు ఉక్కుది, కాడా వీపూ మోసేది ఇనుము. మెయిజీ కాలం నాటి ఓడ లంగరు గొలుసులు, పాత వంతెనల ఇనుము దొరికితే కమ్మరులు దాచుకుంటారు. ఆ పాత ఇనుములో కర్బనం దాదాపు ఉండదు, సాన రాయికి తేలిగ్గా లొంగుతుంది.

అసలు పని కాల్చి ఆర్చే క్షణంలో జరుగుతుంది. సుమారు 780 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే ఉక్కులోని కర్బనం ఇనుములో కలిసిపోతుంది. గబుక్కున నీళ్లలో ముంచితే, తప్పించుకునే వ్యవధి లేక కర్బన పరమాణువులు ఇనుప పరమాణువుల మధ్య ఇరుక్కుపోతాయి. అలా బిగుసుకున్న నిర్మాణాన్ని మార్టెన్సైట్ అంటారు. ఇది అత్యంత గట్టిది, అంతే పెళుసు. తర్వాత 150 నుంచి 180 డిగ్రీల దగ్గర మెల్లగా కాచి ఆ పెళుసుదనాన్ని కొంత తగ్గిస్తారు. ఇంకో చిక్కుంది. మార్టెన్సైట్‌గా మారేటప్పుడు ఉక్కు కాస్త ఉబ్బుతుంది, పక్కనున్న ఇనుము ఉబ్బదు. దాంతో బ్లేడు వంగుతుంది. ఎటు, ఎంత వంగుతుందో ముందే ఊహించి సాగగొట్టినవాడే మంచి కమ్మరి. మెత్తటి ఇనుము జోడు ఉంది కనుక వంగినదాన్ని విరగకుండా సరిచేయగలడు. మొత్తం బ్లేడు గట్టి ఉక్కే అయితే ఆ అవకాశం ఉండదు.

ఉక్కుల్లో పేరున్నది తమహగనే. షిమనే రాష్ట్రంలోని ఒకుఇజుమోలో 1977లో పునరుద్ధరించిన ‘నిత్తోహో తతరా’ అనే మట్టి కొలిమిలో దీన్ని తీస్తారు. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆపకుండా బొగ్గు, ఇనుప ఇసుక వేస్తూ పోతారు. సుమారు 10 టన్నుల ఇసుకకూ 12 టన్నుల బొగ్గుకూ వచ్చే ముద్ద రెండున్నర టన్నులు. అందులో మేలిమి ఉక్కు ఒక టన్ను లోపే. లోహం పూర్తిగా కరిగేంత వేడి ఆ కొలిమిలో ఉండదు కనుక గంధకం, భాస్వరం లాంటి మలినాలు అందులోకి చాలా తక్కువగా చేరతాయి. మన తెలంగాణలో కోనసముద్రం కమ్మరులు తొక్కిన దారి దీనికి భిన్నం. వాళ్లు మూసలో పెట్టి, కర్బనం పట్టించి, లోహాన్ని కరిగించేవారు. భారతదేశపు ఆ మూస ఉక్కు రహస్యం తెలుసుకోవాలని లండన్‌లో మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ 1819 ప్రాంతంలో ప్రయోగాలు చేశారు. ఆ క్రమంలో తాము కూర్చిన కొత్త మిశ్రమ ఉక్కులతో క్షౌరకత్తులు చేయించి, ఫారడే కొన్నింటిని మిత్రులకు కానుకగా పంపాడు. ఉక్కు మంచిదో కాదో తేల్చడానికి గడ్డాన్ని మించిన పరీక్ష లేదని ఆయనకూ అనిపించి ఉండాలి.

ఇప్పుడు ఎక్కువగా వాడేది షిమనేలోనే యసుగిలో తయారయ్యే ఉక్కు. కర్మాగారంలో అతికించే కాగితం రంగును బట్టి తెల్లకాగితపు ఉక్కు, నీలికాగితపు ఉక్కు అని పేర్లు వచ్చాయి. తెల్లదానిలో ఇనుముతో పాటు ఒక శాతానికి మించిన కర్బనం, ఇతర మూలకాలు లేశమాత్రం. నీలిదానిలో టంగ్‌స్టన్, క్రోమియం కలుపుతారు. అవి గట్టి కార్బైడు రేణువులుగా ఏర్పడి అరుగుదలను ఆపుతాయి కాబట్టి కూరగాయల కత్తికి నీలిది బాగుంటుంది. క్షౌరకత్తి సంగతి వేరు. ఇక్కడ అంచు మైక్రాన్‌లో ఓ చిన్న భాగమంత సన్నగా ఉంటుంది, పెద్ద కార్బైడు రేణువు అంచు దగ్గరుంటే అదే బలహీనమైన చోటవుతుంది. తాసాన్ బృందం చెప్పిన రెండో షరతు ఇదే. అందుకే క్షౌరకత్తికి నేను శుద్ధమైన, సన్నని అల్లిక ఉన్న తెల్లకాగితపు ఉక్కు వైపే మొగ్గుతాను. తమహగనే అన్న పేరు కోసం నాలుగింతలు పెట్టి కొనాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. కొలిమి ముద్దలో ఒక్కో ముక్క ఒక్కోలా ఉంటుంది, దాన్ని ఏరి, మడిచి, కొట్టి సమం చేసిన చేతిదే ఆ విలువ అంతా.

ఆ చేతుల్లో ప్రసిద్ధమైనది ఇవసాకి కోసుకేది. నీగతా రాష్ట్రంలోని సంజోకు చెందినవాడు. అది 17వ శతాబ్దంలో పొలం పని లేని రోజుల్లో రైతులు మేకులు కొట్టుకుంటూ మొదలుపెట్టి, క్రమంగా పనిముట్లకు పేరు తెచ్చుకున్న ఊరు. జర్మనీలోని జోలింగెన్ క్షౌరకత్తులతో సాటి రాగల కత్తిని జపాన్‌లో చేయాలన్న పట్టుదలతో ఇవసాకి టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో లోహశాస్త్రం చదివాడు. తరాలుగా కంటితో, చేతితో సాగిన కమ్మరి విద్యను సూక్ష్మదర్శినితో, ఉష్ణోగ్రత కొలతలతో పరీక్షించాడు. తమహగనే, స్వీడన్ ఉక్కు రెండింటితోనూ ఆ ఇంటి కత్తులు తయారయ్యాయి.

ఏది కొనాలి

కొత్తగా కమిసోరి కొట్టే కమ్మరులు జపాన్‌లో ఇప్పుడు చాలా తక్కువ. దొరికేవాటిలో ఎక్కువ భాగం పాత కత్తులే, వాటిలో మంచివీ ఉన్నాయి, చెడిపోయినవీ ఉన్నాయి. పాత కత్తిని చూసేటప్పుడు ముద్రను తర్వాత చూడండి, ముందు అంచును చూడండి. కాడ మీద, వీపు మీద తుప్పు ఉంటే పెద్ద నష్టం లేదు, గీరేయవచ్చు. అంచు దగ్గర నల్లని చుక్కల్లా గుంటలు ఉంటే వదిలేయండి. తుప్పు గుంట పైకి కనబడేదానికంటే లోపలికి లోతుగా ఉంటుంది. ఎంత నూరినా కొత్త గుంట బయటపడుతూనే ఉంటుంది, బయటపడిన ప్రతి గుంటా ఒక పెచ్చు.

తర్వాత గట్టి ఉక్కు ఎంత మిగిలిందో చూడాలి. ఇనుముకీ ఉక్కుకీ మధ్య రంగు తేడాతో ఒక గీత కనబడుతుంది. ఆ గీత అంచుకు మరీ దగ్గరగా వచ్చి ఉంటే ఆ కత్తి జీవితం అయిపోవచ్చినట్టే. చదునైన అద్దం పలక మీద పెట్టి చూస్తే మెలి ఉంటే బయటపడుతుంది.

వీపు అరిగిపోయిన కత్తి కూడా వద్దు. ఎందుకో చెప్పడానికి కొంచెం లెక్క కావాలి. సానపెట్టేటప్పుడు వీపూ అంచూ రెండూ కలిసి రాయి మీద ఆనతాయి. అంటే అంచు కోణం మన చేతిలో లేదు, కత్తి శరీరంలోనే ఉంది. వెడల్పు 18 మిల్లీమీటర్లు, వీపు మందం 5 మిల్లీమీటర్లు ఉన్న కత్తికి కోణం సుమారు 16 డిగ్రీలు వస్తుంది. క్షౌరానికి ఇది చక్కని కొలత. ఎవరో మొరటు రాయి మీద వీపును 3 మిల్లీమీటర్లకు అరగదీస్తే కోణం 10 డిగ్రీలకు దిగజారుతుంది. అంత సన్నని అంచు వంగిన వెంట్రుక తోపుకు నిలబడదు. సంరక్షణ బాగున్న కత్తిలో వీపూ వెడల్పూ కలిసి తగ్గుతూ పోతాయి కాబట్టి కోణం దశాబ్దాల పాటు దాదాపు అలాగే నిలుస్తుంది. ఈ పనిముట్టులో నన్ను అన్నింటికంటే ఎక్కువ ఆకట్టుకునేది ఈ ఏర్పాటే.

మొదటిసారి నేర్చుకునేవారికి నా సలహా వేరు. గిఫు రాష్ట్రంలోని సెకి ఏడు శతాబ్దాల కత్తుల ఊరు. అక్కడ కర్మాగారాలున్న ఫెదర్ సంస్థ కమిసోరి ఆకారంలోనే, బ్లేడు మార్చుకునే కత్తిని తయారుచేస్తుంది. మన సెలూన్లలో సగం విరిచిన బ్లేడు బిగించే కత్తిది కూడా ఇదే సూత్రం. దానితో కొన్ని నెలలు చేయి అలవాటు చేసుకోండి. చేతి వణుకూ సాన లోపమూ ఒకేసారి ఎదురైతే గాయం దేనివల్ల అయిందో తేల్చుకోలేరు. ఆ తర్వాత అసలు కత్తి కొనేటప్పుడు, సాన పట్టడం తెలిసినవారు గడ్డానికి సిద్ధం చేసి అమ్మేదాన్నే తీసుకోండి. మంచి అంచు ఎలా ఉంటుందో ముఖానికి ఒకసారి తెలిస్తే, తర్వాత మీరు నూరినదాన్ని పోల్చుకోవడానికి ఒక కొలత దొరుకుతుంది.

ఒక మహావినాశనం మిగిల్చిన రాయి

కత్తి గురించి మాట్లాడేవాళ్లు రాయిని తక్కువ చేస్తారు. నిజానికి జపాన్ సానరాయి కథ కత్తి కంటే ఎంతో పాతది.

సుమారు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల క్రితం, పెర్మియన్ యుగం ముగింపులో, సముద్ర జీవజాతుల్లో పదింట ఎనిమిది వంతులకు పైగా నశించాయి. భూమ్మీద జీవానికి అంతటి దెబ్బ మరెప్పుడూ తగల్లేదు. అంతకుముందు నడిసముద్రంలో రేడియోలేరియా అనే ఏకకణ జీవులు అపారంగా ఉండేవి. వాటి సిలికా గుల్లలు అడుగుకు రాలి, పొరలు పొరలుగా గట్టిపడి, చెర్ట్ అనే కఠిన శిలగా మారేవి. మహావినాశనంలో ఆ జీవులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. గుల్లల వాన ఆగిపోయింది. తీరాలకు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ సముద్రపు అడుగుకు చేరిందల్లా గాలి మోసుకొచ్చిన అతి సన్నని ధూళి, బంకమట్టి. లక్షల ఏళ్లు అదే పేరుకుంది. రేడియోలేరియా కోలుకున్నాక మళ్లీ చెర్ట్ పొరలు మొదలయ్యాయి. ఈ రెండింటి మధ్య చిక్కిన మట్టిపొర సముద్రపు పలకతో పాటు ప్రయాణించి, జురాసిక్ యుగంలో ఆసియా అంచుకు వచ్చి అతుక్కుంది. క్యోటో పశ్చిమాన, వాయవ్యాన ఉన్న కొండల్లో నరుతాకి, నకయామా, ఓజుకు గనుల నుంచి తవ్వి తీసిన ప్రసిద్ధ సానరాళ్లు ఆ కాలపు బంకశిలలే.

చెర్ట్ రేణువులు విడిపోలేనంత గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఈ రాతిలో మాత్రం కొద్ది మైక్రాన్ల క్వార్ట్జ్ రేణువులు మెత్తటి అభ్రకపు మట్టిలో పొదిగి ఉంటాయి. నూరేకొద్దీ మట్టి అరిగి కొత్త రేణువులు పైకి తేలతాయి, పాతవి ఇంకా నలిగి సన్నబడతాయి. మొదట గీసి, పోనుపోను మెరుగుపెట్టే గుణం ఒక్క రాతికే అలా అబ్బింది. దీని మీద ‘నగురా’ అనే చిన్న రాతిని రుద్ది సన్నని గంధం లాంటి ముద్ద తీసి, ఆ ముద్ద మీదే కత్తి నడుపుతారు. ఐచి ప్రాంతం నుంచి వచ్చే మికవా నగురా తెల్లటి అగ్నిపర్వత బూడిద రాయి.

గనులు చాలావరకు మూతపడ్డాయి, మంచి రాయి ధర కత్తి ధరను మించిపోతోంది. కాబట్టి మొదటే క్యోటో రాయి కోసం వెదకనక్కర్లేదు. కృత్రిమ రాళ్లతో పని పూర్తిగా జరుగుతుంది. 1000 నంబరు రాయిలో రేణువు పది పన్నెండు మైక్రాన్లు, 8000 నంబరులో ఒక మైక్రాన్ పైచిలుకు. 1000 మీద రెండు ముఖాల వాలు కలిసేలా అంచు కట్టి, 4000 లేదా 5000, 8000, చివరికి 12000 మీదికి వెళ్లాలి. వెనకటి రాయి వేసిన గీతలు పూర్తిగా చెరిగాకే తర్వాతి రాయి. తొందరపడి పైమెట్టుకు పోతే 12000 రాయి ఆ గీతలకు మెరుపు పెడుతుందే తప్ప తీసేయలేదు.

రాయి అద్దంలా చదునుగా ఉండాలి. మధ్యలో గుంట పడిన రాయి అంచును గుండ్రం చేసేస్తుంది, అందుకే తరచూ వజ్రపు పలక మీద రాయిని సమం చేసుకుంటారు. వీపూ అంచూ రెండూ ఆనించి, అంచు ముందుకు పోయేలా, నీళ్ల మీద నడపాలి. చేతి బరువు పడనీయకూడదు. రెండు ముఖాలకూ గీతలు సమానం కావు. ఒక ముఖానికి ఎన్నో గీతలు వేసి, రెండోదానికి కొద్దిగా మాత్రమే వేయడం పాత పద్ధతి, ఈ నిష్పత్తి ఒక్కో సానకారుడిది ఒక్కోటి. బొటనవేలు అంచు పొడుగునా జార్చి పదును చూడొద్దు. చిన్న భూతద్దంతో అంచును చూడండి, ముంజేతి వెంట్రుకలు చర్మానికి దూరంగానే తెగుతున్నాయో లేదో చూడండి.

రాయి అయ్యాక తోలు. గీసుకునే ముందు ప్రతిసారీ తోలుపట్టీ మీద ముప్పై నలభై సార్లు, వీపు ముందుకూ అంచు వెనక్కూ ఉండేలా లాగాలి. వెనక్కి తిప్పేటప్పుడు కత్తి వీపు మీద దొర్లాలి, అంచు మీద దొర్లితే తోలూ పోతుంది, పదునూ పోతుంది. పట్టీ వదులుగా వేలాడకూడదు, బిగువుగా ఉండాలి.

గీసుకునే వేళ

ఇప్పుడు మొదటి షరతుకు, వంగే వెంట్రుకకు వద్దాం. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీను. దాని గొలుసులను పట్టి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలను నీరు విప్పేయగలదు. వెంట్రుక తన బరువులో మూడో వంతు దాకా నీరు పీల్చుకుంటుంది. వేయించిన అప్పడం తడిస్తే ఎలా మెత్తబడుతుందో ఇదీ అంతే, కోయడానికి కావలసిన బలం బాగా తగ్గిపోతుంది. ఒంటికి రాసిన నూనె, ముఖపు జిడ్డు నీటిని లోపలికి పోనివ్వవు, కాబట్టి ముందు సబ్బుతో కడగాలి. తర్వాత రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని తడి గుడ్డ వేసి ఉంచడమో, స్నానం అయిన వెంటనే గీసుకోవడమో మేలు. నురగ పని కూడా నీటిని వెంట్రుక దగ్గర పట్టి ఉంచడం, చర్మం మీద కత్తిని జార్చడం. గీసుకునే మధ్యలో ఆరిపోతే మళ్లీ రాయండి.

చర్మాన్ని రెండో చేత్తో సాగదీయడం సగం విద్య. సాగిన చర్మం మీద వెంట్రుక నిక్కుతుంది, కత్తికి వంగి పోవడానికి చోటుండదు. కత్తి చర్మంతో 25–30 డిగ్రీల కోణంలో ఉండాలి. మరీ పడుకోబెడితే లాగుతుంది, మరీ నిలబెడితే చర్మాన్ని గీరుతుంది. వెంట్రుక పెరిగే దిక్కునే, అంగుళం మించని చిన్న చిన్న గీతలతో, కత్తి బరువుకే వదిలేసి నడపాలి. అంచు పొడుగు వెంట పక్కకు మాత్రం ఎప్పుడూ జారనీయొద్దు. లోతైన కోతలన్నీ ఆ కదలికలోనే వస్తాయి. మొదట కొన్నాళ్లు చెంపల వరకే గీసుకుని, గడ్డం కింద, పెదవి పైన పాత రేజరుకే వదిలేయండి.

క్షురకుడి కోసం పుట్టిన కత్తి కావడంతో సొంతంగా గీసుకునేవారికి ఒక చెంప సులువు, రెండోది కష్టం. కొందరు మణికట్టు తిప్పి అదే ముఖాన్ని రెండు చెంపలకూ ఆనిస్తారు. ఇంకొందరు చేయి మారుస్తారు. రెండు ముఖాలూ వాడుకునేలా సమంగా సాన పట్టించుకునేవారూ ఉన్నారు. సంప్రదాయం పేరుతో చేయి తిరగని భంగిమలో మెడ మీద కత్తి పెట్టడం కంటే ఈ మూడో దారి మంచిదని నా అభిప్రాయం.

చిన్న గాటు పడితే తడిపిన పటిక ముక్క అద్దండి. రక్తం తగిలిన కత్తిని ఇంకొకరికి ఇవ్వొద్దు, ఇంట్లోవాళ్లకైనా సరే. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు సోకే శక్తితో ఉండగలదు. ఉక్కును శుభ్రం చేయగలం కానీ పేము చుట్టిన పిడినీ తోలుపట్టీనీ అలా చేయలేం. జపాన్ క్షౌరశాలలు కూడా బ్లేడు మార్చుకునే కత్తికి మళ్లడానికి ఇలాంటి శుభ్రతే ప్రధాన కారణం.

తుప్పు, తేమ, సానకు పంపడం

పని అయిన వెంటనే కత్తిని గోరువెచ్చని నీళ్లలో కడిగి, మెత్తని గుడ్డతో వీపు నుంచి అంచు వైపుకు తుడవండి. అంచు వెంట గుడ్డ లాగితే వేలు తెగుతుంది. స్పిరిటుతో ఇంకోసారి తుడిస్తే మిగిలిన తేమ ఆవిరైపోతుంది. జపాన్‌లో కమేలియా గింజల నూనె రాస్తారు. అది త్వరగా జిగురెక్కదు. దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె ఒక చుక్క చాలు, గీసుకునే ముందు తుడిచేయవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో గాలిలోని ఉప్పు క్లోరైడులు ఈ ఉక్కును ఒక్క రాత్రిలో చుక్కలు పట్టించగలవు. స్నానాలగదిలో కత్తి ఉంచొద్దు. తోలు తొడుగులో దాచొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. సిలికా జెల్ పొట్లం పడేసిన చెక్కపెట్టె మేలు. విమానంలో ఇది చేతి సంచిలోకి అనుమతించరు, లోపలికి ఇచ్చే పెట్టెలోనే పెట్టాలి.

తోలు మీద లాగినా వెంట్రుకను లాగుతోందంటే 12000 రాయి మీద కొద్ది గీతలు చాలు. రోజూ గీసుకునేవారికి ఇది కొన్ని నెలలకోసారి వచ్చే పని. దానితోనూ సరికాకపోతే 8000కు దిగండి. కంటికి కనబడే పెచ్చు ఊడితే ఇంట్లో 1000 రాయి మీద పోరాడటం కంటే అనుభవమున్న సానకారుడికి పంపడం నయం. పెచ్చు పోయేదాకా మొత్తం అంచును సమంగా దించాలి, అసమాన ముఖాలున్న కత్తికి ఒక పక్క ఎక్కువ తీసేస్తే మళ్లీ సరిచేయడానికి లోహం మిగలదు. పంపేటప్పుడు ఒక కాగితం మీద, ఏ ముఖాన్ని చర్మానికి ఆనించి గీసుకుంటారో, ఒకటేనా రెండూనా, ఏ చేత్తో పట్టుకుంటారో రాసి జతచేయండి. ఏ ముఖానికి ఎన్ని గీతలు వేయాలో అతను దాన్నిబట్టే నిర్ణయిస్తాడు.